లోకో పైలట్, లైన్ ఉమెన్, బస్సు డ్రైవర్, ఫ్యాక్టరీ, సొంత షాపు: మీ అమ్మాయికి ఏది కుదురుతుంది?

ఐటీఐ అడ్మిషన్లు మొదలయ్యాయంటే నేను పాఠాలు చెప్పే వర్క్‌షాప్ గుమ్మంలో తల్లీకూతుళ్ళు కనిపిస్తారు. కూతురు లోపలి మోటార్ల వైపు చూస్తుంటుంది, తల్లి నా వైపు చూస్తుంది. "మేడమ్, ఆడపిల్ల ఈ పని చేస్తదా?" అని అడుగుతుంది. నేను ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో చేరిన రోజు మా అమ్మ కూడా ఇదే అడిగింది. ఇరవై మంది యూనిట్‌లో మేం ఇద్దరమే అమ్మాయిలం.

"చేస్తుంది" అని ఒక్క మాటతో పంపించెయ్యవచ్చు. కానీ ఆ తల్లి అసలు తెలుసుకోవాల్సింది వేరే ఉంది. ఏ పనిలో చేరితే మూడేళ్ళ తర్వాత కూడా తన కూతురు అందులో ఉంటుంది? మా దగ్గర మంచి మార్కులతో పాసై, ఉద్యోగంలో చేరి, ఏడాది తిరక్కుండా మానేసిన పిల్లలు నాకు తెలుసు. పని రాక మానేసిన పిల్ల ఒక్కతీ లేదు. బాత్రూం లేక మానేశారు. రాత్రి షిఫ్ట్ అయ్యాక బస్సు లేక మానేశారు. పెళ్ళయ్యాక ట్రాన్స్‌ఫర్ దొరక్క, బిడ్డను చూసే మనిషి లేక మానేశారు. అందుకే ఈ పోలికలో జీతంతో మొదలుపెట్టడం లేదు.

## ముందు చూడాల్సినవి

బాత్రూం. చదువయ్యాక నేను మొదట చేరింది ఒక చిన్న ప్యానెల్ బోర్డుల యూనిట్‌లో. ముప్పై మంది మగవాళ్ళ మధ్య నేనొక్కదాన్ని. ఉన్న ఒక్క బాత్రూంకి గడియ లేదు. పొద్దున టీ తాగడం మానేశాను. నీళ్ళ సీసా నిండుగా వెళ్ళి నిండుగానే ఇంటికి వచ్చేది. ఎండాకాలంలో ప్యానెల్ లోపల తల పెట్టి వైర్లు బిగిస్తుంటే కళ్ళు తిరిగేవి. మూడో నెలలో మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి వారం రోజులు జ్వరంతో పడుకున్నాను. ఆ తలుపుకి గడియ బిగించడానికి నాలుగు స్క్రూలు చాలు. స్క్రూడ్రైవర్ రోజంతా నా చేతిలోనే ఉండేది. అడగడానికి మాత్రం నోరు రాలేదు. అందుకే ఇప్పుడు మా పిల్లలకు ఇంటర్వ్యూలో అడగాల్సిన మొదటి ప్రశ్నగా దీన్నే నేర్పిస్తున్నాను.

రాకపోకలు. పొద్దున వెళ్ళడం అందరికీ కుదురుతుంది. రాత్రి 10 గంటలకు షిఫ్ట్ దిగాక ఇంటి గుమ్మం దాకా ఎలా వస్తారన్నది చూడండి. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. దీనితో దూరం నుంచి ఐటీఐకి వచ్చే పిల్లలు పెరిగారు. అయితే ఆఖరి బస్సు 8 గంటలకే వెళ్ళిపోయే ఊరికి ఉచిత టికెట్ ఏం పనికొస్తుంది?

తోడు. మీతోపాటు ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నా చాలు, చాలా సమస్యలు సగానికి తగ్గుతాయి. సూపర్‌వైజర్‌ని ఒక్కరే వెళ్ళి అడగడానికీ, ముగ్గురు కలిసి అడగడానికీ ఎంతో తేడా ఉంటుంది.

కాగితం, జీతం. అపాయింట్‌మెంట్ లెటర్, పీఎఫ్, ఈఎస్ఐ. చేతికి వచ్చే రూపాయల కంటే ముందు ఈ మూడూ ఉన్నాయా అని చూడండి. ఇప్పుడు జీతం ఎంత అనే కంటే ఐదేళ్ళకు ఎంతవుతుందన్నది ముఖ్యం.

కాన్పు తర్వాత. పెళ్ళి కాని పిల్లకు ఇది ఇప్పుడే ఎందుకని తల్లులు ముఖం చిట్లిస్తారు. ఎక్కువమంది పని వదిలేసేది ఇక్కడే కాబట్టి ముందే చూసుకోవాలి.

ఎదురుచూపు. కొన్ని ఉద్యోగాలకు నోటిఫికేషన్ పడాలి, పరీక్షలు రాయాలి, ఏళ్ళు గడుస్తాయి. అన్నాళ్ళు ఇంట్లో జరుగుబాటు ఉందా?

ఇక ఒక్కో పనినీ ఈ లెక్కల్లో చూద్దాం. అన్నిటికీ సమానంగా రాయలేదు, నాకు ఎక్కువ తెలిసినవాటి గురించి ఎక్కువ చెప్పాను.

## రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్

మహారాష్ట్రలోని సతారాకు చెందిన సురేఖా యాదవ్ 1989లో అసిస్టెంట్ డ్రైవర్‌గా రైలింజన్ ఎక్కారు. దేశంలో తొలి మహిళా రైలు డ్రైవర్ ఆమే. 2023 మార్చిలో సోలాపూర్ నుంచి ముంబైకి వందే భారత్ నడిపారు. 36 ఏళ్ళు పనిచేసి 2025 సెప్టెంబర్‌లో రిటైర్ అయ్యారు. ఈ పనిలో రిటైర్మెంట్ దాకా ఉండగలమా అని అడిగేవాళ్ళకు నేను ఆమె పేరే చెబుతాను.

పదో తరగతితో పాటు ఐటీఐ, లేదా మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, ఆటోమొబైల్ డిప్లొమా ఉండాలి. ఐటీఐలో ఏ ట్రేడ్ అయినా సరిపోదు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, డీజిల్ మెకానిక్, టర్నర్, వైర్‌మన్ లాంటివి జాబితాలో ఉంటాయి. అమ్మాయిలు ఎక్కువగా చేరే కోపా (కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడ్) అందులో లేదు, వెల్డర్ కూడా లేదు. ట్రేడ్ ఎంచుకునే రోజే ఇది తెలియాలి, రెండేళ్ళ తర్వాత తెలిస్తే గుండె బరువెక్కుతుంది.

పరీక్ష మూడు మెట్లు. కంప్యూటర్ మీద రెండు రాతపరీక్షలు, తర్వాత ఆప్టిట్యూడ్ టెస్ట్. ఈ ఆప్టిట్యూడ్‌లో ఉన్న ప్రతి విభాగంలోనూ 42 స్కోరు రావాలి, ఏ కేటగిరీకీ సడలింపు లేదు. అమ్మాయిలకు ఫీజు 250 రూపాయలే, మొదటి పరీక్షకు హాజరైతే బ్యాంకు ఛార్జీలు పోను అదీ వెనక్కి ఇస్తారు. 2024లో మొదట 5,696 పోస్టులు ప్రకటించి తర్వాత 18,799కి పెంచారు. 2025లో 9,970 వచ్చాయి.

ఇక కళ్ళు. దూరపు చూపు అద్దాలు లేకుండా రెండు కళ్ళకూ 6/6 ఉండాలి, రంగులు స్పష్టంగా గుర్తుపట్టాలి. లేజర్ ఆపరేషన్ చేయించుకుని అద్దాలు తీసేసినవాళ్ళను తీసుకోరు. మా దగ్గర ఒక పిల్ల రెండేళ్ళు కోచింగ్‌కు డబ్బు కట్టాక ఈ విషయం తెలుసుకుంది. కోచింగ్ ఫీజు కట్టే ముందు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

మూల వేతనం 19,900 రూపాయలతో మొదలవుతుంది. దానిమీద డీఏ, ఇంటి అద్దె, బండితో తిరిగిన దూరాన్ని బట్టి రన్నింగ్ అలవెన్స్ కలుస్తాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం కాబట్టి 180 రోజుల ప్రసూతి సెలవు, పిల్లల పెంపకానికి సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవు ఉంటాయి. ఈ పోలికలో ఉన్నవాటిలో కాన్పు తర్వాత మళ్ళీ డ్యూటీలో చేరడానికి కాగితం మీద ఇంత వెసులుబాటు ఉన్నది ఇదొక్కటే.

లోపం కూడా అంతే పెద్దది. పాత ఇంజన్లలో చాలావాటికి బాత్రూం లేదు. కొత్తవాటిలో పెడుతున్నారు, కానీ మీకు ఏ ఇంజన్ వస్తుందో మీ చేతిలో లేదు. గూడ్సు బండి గంటల తరబడి ఏ సిగ్నల్ దగ్గరో ఆగిపోతుంది. నెలసరి రోజుల్లో అది ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. మహిళా లోకో పైలట్లు ఏళ్ళుగా రైల్వేను అడుగుతున్నది దీని గురించే. పైగా డ్యూటీకి పిలుపు అర్ధరాత్రి రావచ్చు, బండి దిగాక వేరే ఊళ్ళో రన్నింగ్ రూమ్‌లో పడుకోవాలి. ఇంట్లో పసిబిడ్డ ఉంటే అమ్మో అత్తో తోడు ఉండాల్సిందే.

## కరెంటు లైన్ పని

దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ 2019లో జూనియర్ లైన్‌మన్ పోస్టులు ప్రకటించినప్పుడు ఆడవాళ్ళు అర్హులు కారని పెట్టారు. అమ్మాయిలు హైకోర్టుకు వెళ్ళారు. కోర్టు చెప్పాక పరీక్ష రాయనిచ్చారు, స్తంభం ఎక్కే పరీక్షా పెట్టారు. సిద్దిపేట జిల్లా అమ్మాయి శిరీష చకచకా స్తంభం ఎక్కిన వీడియో మా వర్క్‌షాప్‌లో ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. నియామక పత్రం ఆమె చేతికి వచ్చేసరికి 2022. అంటే పని చేతనైన అమ్మాయికి ఆ పని దొరకడానికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళు పట్టుబట్టి నిలిచిన అమ్మాయిల వల్లే ఇవాళ నేను నా క్లాసులో "లైన్ ఉమెన్" అనే మాట ధైర్యంగా అనగలుగుతున్నాను.

స్తంభం ఎక్కడం చూసి జనం భయపడతారు. ఎక్కడం నెల రోజుల సాధనతో వస్తుంది. భయపడాల్సింది ఎక్కే ముందు చేసే పనుల గురించి. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకోవాలి, అంటే ఆ లైన్‌లో సరఫరా ఆపినట్టు అక్కడి ఆపరేటర్ చేత నమోదు చేయించాలి. స్తంభం మీద లైన్‌ను విడదీసే ఏబీ స్విచ్ మూడు బ్లేడ్లూ విడిపోయాయా అని కింద నుంచి కళ్ళారా చూడాలి. తర్వాత లైన్‌ను భూమికి కలిపే ఎర్త్ రాడ్ తగిలించాలి. అప్పటికీ ఎవరింట్లోనో జనరేటర్ ఆన్ అయితే వెనక నుంచి కరెంటు రావచ్చు, అందుకే ఎర్త్ రాడ్ పని అయ్యేదాకా తియ్యకూడదు. "ఐదు నిమిషాల పనే కదా" అని ఇందులో ఏదో ఒకటి వదిలేసినప్పుడే ప్రాణాలు పోతాయి. మా పిల్లల్లో ఈ వరుస తప్పకుండా చేసేది అమ్మాయిలే. ఇది నా అనుభవం, పక్షపాతం అనుకున్నా సరే.

సామాను మాత్రం ఇంకా మగవాళ్ళ కొలతలతోనే వస్తోంది. నేను పనిచేసిన చోట స్టోర్‌లో ఉన్న అతి చిన్న సేఫ్టీ షూ 7వ నంబరు, నా కాలు 4. ముందు భాగంలో పాత గుడ్డ కుక్కుకుని తిరిగేదాన్ని, నిచ్చెన మీద మడమ జారేది. గ్లౌజుల వేళ్ళు పొడుగైతే నట్టు చేతికి అందదు, నడుముకి బెల్టు వదులైతే దాన్ని నమ్ముకోలేం. చేరిన మొదటి రోజే మీ సైజు రాసి ఇవ్వండి, ఆ కాగితం నకలు దగ్గర పెట్టుకోండి.

ఈ ఉద్యోగంలో పెద్ద సుగుణం, పని ఎక్కువగా ఒక సెక్షన్ పరిధిలోనే తిరుగుతుంది. రైల్వేలో లాగా వేరే ఊళ్ళో పడుకోనక్కర్లేదు. గాలివాన వచ్చిన రాత్రి మాత్రం ఇంట్లో కూర్చోవడం కుదరదు. అర్హత పదో తరగతితో పాటు ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్ ఐటీఐ, లేదా ఇంటర్ ఒకేషనల్ ఎలక్ట్రికల్. ఇబ్బంది ఏమిటంటే నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. దీన్నొక్కదాన్నే నమ్ముకుని ఖాళీగా కూర్చోవద్దు. ఎక్కడో ఒకచోట అప్రెంటిస్‌గా పనిచేస్తూ ఎదురుచూడండి.

## బస్సు, ఆటో, క్యాబ్

ఆర్టీసీలో కండక్టర్లుగా ఆడవాళ్ళను ఏళ్ళుగా చూస్తున్నాం. స్టీరింగ్ దగ్గర మాత్రం ఈ మధ్యే కనిపిస్తున్నారు. తమిళనాడులో వసంతకుమారి 1993లోనే ప్రభుత్వ బస్సు నడిపారు. మన యాదాద్రి భువనగిరి జిల్లా తండా బిడ్డ సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా బస్సు డ్రైవర్ అయ్యారు. పదేళ్ళ తర్వాత, 2025లో, సొంత రాష్ట్రంలో హైదరాబాద్ నుంచి మిర్యాలగూడకు ఆర్టీసీ బస్సు నడిపారు. ఆ పదేళ్ళూ ఆమె ఇంటికి దూరంగా ఢిల్లీలో ఉండాల్సి రావడం నాకు బాధనిపిస్తుంది.

లైసెన్సు లెక్క చిన్నదే. 18 ఏళ్ళకు కారు లైసెన్సు. రవాణా వాహనం నడపాలంటే 20 ఏళ్ళు నిండాలి, అంతకుముందు కనీసం ఏడాదిగా కారు లైసెన్సు ఉండాలి. 18 నిండగానే కారు లైసెన్సు తీసుకుని పెట్టుకుంటే 20కి హెవీకి సిద్ధంగా ఉంటారు. పెద్ద చదువు అక్కర్లేదు. కానీ హెవీ నేర్పించే చోట ఆడవాళ్ళకు స్టీరింగ్ ఇచ్చేది తక్కువ, పక్కన కూర్చోబెట్టి చూపిస్తారు. ఫీజు కట్టే ముందు రోజుకు ఎన్ని కిలోమీటర్లు నా చేత నడిపిస్తారని అడగండి.

ఆటో, క్యాబ్ అయితే మీ టైమ్ మీ చేతిలో ఉంటుంది. పిల్లలను బడికి పంపాక తీసి, వాళ్ళు వచ్చేలోపు ఆపేయవచ్చు. హైదరాబాద్‌లో మోవో అనే సంస్థ ఆడవాళ్ళకు ఆడవాళ్ళ చేతే బండ్లు నడపడం నేర్పిస్తోంది, ఎలక్ట్రిక్ ఆటోలు కూడా. ముప్పై దాటిన తల్లులకు ఈ దారి బాగా నప్పుతుంది. ఈఎస్ఐ, పీఎఫ్ ఉండవు, బండి ఈఎంఐ మాత్రం నెలనెలా వస్తుంది. ఒంట్లో బాగాలేని రోజు ఆదాయం సున్నా.

## ఫ్యాక్టరీ షాప్ ఫ్లోర్

తొందరగా దొరికేది ఇదే. ఐటీఐ ఆఖరి నెలల్లోనే కంపెనీలు క్యాంపస్‌కు వస్తాయి. సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్) ఆపరేటర్, వెల్డర్, అసెంబ్లీ, క్వాలిటీ. వెల్డర్ ట్రేడ్ ఏడాదిలో అయిపోతుంది, ఎనిమిదో తరగతి చాలు.

ఇక్కడ ఒక మోసం ఉంటుంది, కళ్ళు తెరిచి చూడాలి. అమ్మాయిలను తీసుకుంటున్నామని గొప్పగా చెప్పి, తీరా చేరాక ప్యాకింగ్‌లోనో లేబుల్ అంటించే బల్ల దగ్గరో కూర్చోబెడతారు. రెండేళ్ళు గడిచాక అబ్బాయి మెషిన్ సెట్టర్ అయి ఉంటాడు, అమ్మాయి అదే బల్ల దగ్గర ఉంటుంది. మా పిల్ల ఒకతి ఫోన్ చేసి ఏడ్చింది: "మేడమ్, వెర్నియర్ కొలత స్కేలు పట్టుకుని ఆర్నెల్లయింది, చదవడం మర్చిపోతున్నా." చేరేటప్పుడే ఏ మెషిన్ మీద, ఎన్ని నెలల్లో అన్నది మాట తీసుకోండి. ఆర్నెల్లకు మెషిన్ ఇవ్వకపోతే వేరే చోట వెతకడం మొదలుపెట్టండి.

రాత్రి షిఫ్ట్ సంగతి. పాత ఫ్యాక్టరీల చట్టం ప్రకారం రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళ చేత పని చేయించకూడదని ఉండేది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో ఆ వేళల్లో పని చేయవచ్చన్నారు, కానీ ఆమె ఒప్పుకోవాలి, భద్రత ఏర్పాట్లు ఉండాలి. ఈ "ఒప్పుకోవాలి" అన్న మాట గుర్తుపెట్టుకోండి. చేరే రోజు ఇచ్చే కాగితాల కట్టలో రాత్రి షిఫ్ట్‌కు సమ్మతి పత్రం కూడా ఉండవచ్చు. చదివి సంతకం పెట్టండి. రాత్రి పని ఇష్టమే అయితే ఇంటి దాకా బండి పంపుతారా, మెయిన్ రోడ్డు మీద దింపేస్తారా అని అడిగి పెట్టండి. అవే కోడ్‌ల ప్రకారం ప్రతి ఉద్యోగికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి. కాంట్రాక్టర్ ద్వారా చేరినా అడగండి.

పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట ప్రసూతి సెలవు 26 వారాలు. యాభై, అంతకుమించితే పిల్లల కోసం క్రెష్ ఉండాలి. నెల జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ కడుతుంటే ఆ సెలవు కాలపు డబ్బు ఈఎస్ఐ నుంచి వస్తుంది. ఇవన్నీ ఉన్న కంపెనీలు ఉన్నాయి. కాంట్రాక్ట్ పేరుతో పదకొండో నెలలో పంపించేసేవీ ఉన్నాయి.

## సొంత షాపు, సొంత పని

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా సుజాతనగర్‌లో ఆదిలక్ష్మి లారీల టైర్లు విప్పి పంక్చర్లు వేస్తారు, వెల్డింగ్ చేస్తారు. భర్తకు సాయంగా మొదలుపెట్టి పని నేర్చుకున్నారు. మొదట్లో ఆడమనిషి టైరు విప్పడమేంటని ఆగకుండా వెళ్ళిపోయిన లారీవాళ్ళే తర్వాత వెతుక్కుంటూ వచ్చారు.

ఇంటికి దగ్గరగా ఉండాలనుకునేవాళ్ళకు బైక్ మెకానిక్, మోటార్ వైండింగ్, ఇంటి వైరింగ్, ఏసీ రిపేర్ ఉన్నాయి. కొత్తగా ఇంటి మీద సోలార్ వచ్చింది. 2024లో మొదలైన సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, ప్యానెళ్ళు బిగించే మనుషులు కావాలి. ఇంట్లో పని చేయించుకునే గృహిణి ఎలక్ట్రీషియన్‌గా ఆడమనిషినే కోరుకుంటుంది. మధ్యాహ్నం వేళ మగవాళ్ళు ఇంట్లో లేనప్పుడు కూడా నిశ్చింతగా పిలుస్తుంది. ఇది నేను కళ్ళారా చూసిన మాట.

డబ్బు కోసం ముందు మీ డ్వాక్రా సంఘాన్ని అడగండి. ముద్ర రుణం 50,000 దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్. కొంచెం పెద్ద షాపు అయితే పీఎంఈజీపీ అనే కేంద్ర స్వయం ఉపాధి పథకంలో ఆడవాళ్ళు సొంతంగా 5 శాతం పెడితే చాలు, సబ్సిడీ పల్లెలో 35 శాతం, పట్టణంలో 25 శాతం. అయితే ఐటీఐ నుంచి నేరుగా షాపు పెట్టవద్దు. రెండేళ్ళు ఎవరి దగ్గరైనా పనిచేసి, బేరం చేయడం, బాకీ వసూలు చేయడం నేర్చుకున్నాకే. మా పిల్లల్లో పని బాగా వచ్చి షాపు మూసేసినవాళ్ళు ఇద్దరున్నారు, ఇద్దరూ అప్పిచ్చి అడగలేకపోయారు.

## బొగ్గు గనుల మాట

సింగరేణి ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలు అడుగుతారు. 2019లో ఆడవాళ్ళను భూగర్భ గనిలో పనికి అనుమతించారు, కానీ అప్పటి నిబంధనలో సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజర్ స్థాయి పనులకే, అదీ ఉదయం 6 నుంచి రాత్రి 7 మధ్య, రాతపూర్వక సమ్మతితో, కనీసం ముగ్గురు కలిసి. గని ఆలోచన ఉంటే మైనింగ్ డిప్లొమా లేదా బీటెక్ వైపు చూడండి, ఇప్పటి నిబంధన ఏమిటో కనుక్కోండి.

## ఒక్క చూపులో

| పని | కావాల్సిన చదువు | దొరకడానికి | రాత్రి డ్యూటీ | బాత్రూం | కాన్పు తర్వాత |
|---|---|---|---|---|---|
| లోకో పైలట్ | జాబితాలోని ట్రేడ్ ఐటీఐ లేదా డిప్లొమా, 6/6 చూపు | నోటిఫికేషన్, మూడు పరీక్షలు | తప్పదు | పాత ఇంజన్లలో కష్టం | సెలవులు బాగుంటాయి, డ్యూటీ వేళలు కష్టం |
| లైన్ ఉమెన్ | ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్ | ఎప్పుడో చెప్పలేం | గాలివాన, బ్రేక్‌డౌన్ వేళల్లో | ఫీల్డ్‌లో ఉండదు, ఊరి ఇళ్ళే దిక్కు | సెలవు ఉంటుంది, స్తంభం పనికి కొంత వ్యవధి కావాలి |
| ఆర్టీసీ బస్సు | హెవీ లైసెన్సు | ఇప్పుడిప్పుడే | రూటును బట్టి | డిపోలు, బస్టాండ్లు | డైరెక్ట్ ఉద్యోగమా, కాంట్రాక్టా అన్నదాన్ని బట్టి |
| ఆటో, క్యాబ్ | లైసెన్సు, బండి | కొన్ని నెలల్లో | మీ ఇష్టం | పెట్రోల్ బంకులు | సెలవు లేదు, వేళలు మీవి |
| ఫ్యాక్టరీ | ఏ ట్రేడ్ అయినా | వెంటనే | ఒప్పుకుంటేనే | పెద్దవాటిలో ఉంటుంది, చిన్నవాటిలో చూడాలి | చట్టం ప్రకారం 26 వారాలు |
| సొంత షాపు | చేతి పని, రెండేళ్ళ అనుభవం | పెట్టుబడి దొరికితే | లేదు | ఇల్లు దగ్గరే | సెలవు లేదు, ఇంటి సాయం కావాలి |

## ఎవరికి ఏది

ఇల్లు వదిలి ఉండగలరు, కళ్ళు బాగున్నాయి, ఇంకా ఇరవై దాటలేదు. లోకో పైలట్‌కు ప్రయత్నించండి. రెండు నోటిఫికేషన్లకు మించి దాన్నే పట్టుకుని కూర్చోవద్దు. పక్కన ఒక అప్రెంటిస్‌షిప్ నడవనివ్వండి.

ఇంట్లో వెంటనే జీతం కావాలి. ఫ్యాక్టరీలో చేరండి. చేరినా చదువు ఆపవద్దు. రెండేళ్ళ ఐటీఐ అయినవాళ్ళు బ్రిడ్జి కోర్సు చేసి ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే నేరుగా పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. డిప్లొమా చేతిలో ఉంటే ఆపరేటర్ నుంచి సూపర్‌వైజర్‌కు ఎదిగే దారి దొరుకుతుంది.

ఇప్పటికే పిల్లల తల్లి. ఆటో, ఇంటి వైరింగ్, సోలార్. భర్త ఒప్పుకోవడం ఒకటైతే, పిల్లలను ఎవరు చూస్తారన్నది ముందే తేలాలి. అత్తగారు ఆ మాట ఇచ్చాకే లోను సంతకం పెట్టండి.

పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు. దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. లైన్ పనీ, ఆర్టీసీ పనీ ఒక ప్రాంతానికి కట్టుబడి ఉంటాయి, పెళ్ళయ్యాక జిల్లా మారితే టెన్షన్ మొదలవుతుంది. రైల్వేలో ట్రాన్స్‌ఫర్ దొరుకుతుంది కానీ ఆలస్యమవుతుంది. చేతి పని, లైసెన్సు అయితే ఏ ఊరికైనా వెంట వస్తాయి. పెళ్ళిచూపుల రోజే ఉద్యోగం మాట తేల్చుకోమని మా పిల్లలకు చెబుతాను. అబ్బాయి తరఫువాళ్ళు నీళ్ళు నమిలితే అదీ ఒక జవాబే.

ఎత్తంటే ఇష్టం, కరెంటంటే గౌరవం ఉన్న పిల్ల. లైన్ ఉమెన్. అలాంటి పిల్లను మూడు రోజుల్లో గుర్తుపడతాను, ప్లగ్ తీశాక కూడా టెస్టర్ పెట్టి చూసి కానీ వైరు ముట్టదు.

## వేధింపులు ఎదురైతే

2013 నాటి చట్టం ప్రకారం పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతి చోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలి, దానికి ఒక ఆడమనిషే అధ్యక్షురాలిగా ఉండాలి. చిన్న షాపైతే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. అప్రెంటిస్, ట్రైనీ, కాంట్రాక్ట్ అన్న తేడా లేదు, అందరూ ఫిర్యాదు చేయవచ్చు. "నువ్వు ట్రైనీవి, నీకు వర్తించదు" అని ఎవరైనా అంటే అది అబద్ధం. మూడు నెలల్లోపు రాసి ఇవ్వాలి, సరైన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు గడువిస్తారు. తేదీ, టైమ్, అన్న మాట, పక్కన ఎవరున్నారో అదే రోజు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. అత్యవసరమైతే 112, సలహాకు 181.

## చేరే ముందు ఒక పూట

ఆఫర్ వచ్చిన చోటుకు షిఫ్ట్ మారే వేళకు వెళ్ళండి. తల్లినో అన్ననో వెంట తీసుకెళ్ళండి, లోపలికి వెళ్ళాల్సిన పని లేదు. గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గర అరగంట నిలబడి బయటికి వచ్చే ఆడవాళ్ళను లెక్కపెట్టండి. వాళ్ళ వెనకాలే బస్టాప్ దాకా నడవండి, దారిలో లైట్లు ఉన్నాయా చూడండి. తర్వాత వాళ్ళలో ఒకరిని "అక్కా" అని పలకరించి రెండే అడగండి. లోపల బాత్రూంకి గడియ ఉందా? మీరు ఇక్కడ చేరి ఎన్నేళ్ళయింది?